పాత మిద్దెలో రీపర్లకు క్లాంపులు ఎలా బిగించాలి

ఎవరింట్లోనైనా గోడకు కొత్తగా ప్యానెళ్ళు కొట్టించి ఉంటే, ఎదురుగా నిలబడి మెచ్చుకునే ముందు ఒక పని చేయండి. చెంప గోడకు ఆనించి, ఒక కన్ను మూసి, ఆ చివరిదాకా చూడండి. చాలా ఇళ్ళలో ఆ గోడ దండెం మీద ఆరేసిన చీరలా అలలు అలలుగా కనిపిస్తుంది. ప్యానెల్ ఎంత ఖరీదైనదైనా, వెనక దాన్ని పట్టి ఉంచే సన్నటి చెక్క పట్టీ, అంటే రీపరు, ఎటు వంగితే అదీ అటే వంగుతుంది. రీపరును గోడకు ఆనించి మేకులు దిగ్గొడితే, గోడ వంకరంతా రీపరుకు ఎక్కుతుంది. వంకర తీయడానికి వెనక చెక్క ముక్కలు, అట్ట ముక్కలు దూరుస్తారు. రెండేళ్ళకు ముక్క ఎండి జారిపోతుంది, లేదంటే చెద పడుతుంది.

ఈ బాధ తప్పించేదే క్లాంపు. రీపరు గోడను తాకదు. గోడకు క్లాంపు, క్లాంపుకు రీపరు. గోడ ఎంత లోపలికి పోయినా, ఎంత బయటికి పొంగినా, రీపరు మాత్రం మీరు కట్టిన దారం వెంటే ఉంటుంది.

మా మేనత్త ఇల్లు కర్నూలు పాతబస్తీలో ఉంది. ముందు రెండు గదులు తాతల నాటి మిద్దె. మట్టితో కట్టిన రాతిగోడలు, పైన టేకు దూలాలు, వాటి మీద బేతంచెర్ల నాపరాయి బండలు, బండల మీద చౌడుమట్టి. వెనక గది ఆ తర్వాతెప్పుడో వేసిన సిమెంటు స్లాబు. కిందటేడు ఆ గదుల గోడలూ పైకప్పులూ బాగుచేయించే పని నా నెత్తిన పడింది. అక్కడ చేసి నేర్చుకున్నదీ, చెడగొట్టి నేర్చుకున్నదీ రాస్తున్నాను. మీ ఇల్లు కడపలోనో తాడిపత్రిలోనో ఉన్నా, పాత మిద్దె అయితే ఇదే వరస పనికొస్తుంది.

క్లాంపు ఎలా ఉండాలి

ఇంగ్లిష్ యూ అక్షరం ఆకారంలో ఉండే జీఐ పట్టీ, అంటే జింకు పూత ఉన్న ఇనుప పట్టీ అది. అడుగుభాగం మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, అక్కడ ఫాస్టనర్ (రంధ్రంలో దిగి బిగుసుకునే బోల్టు) పడి గోడకో స్లాబుకో బిగుస్తుంది. రెండు వైపులా రెండు కాళ్ళు ముందుకు వస్తాయి. కాళ్ళ పొడవునా వరసగా చిన్న రంధ్రాలు ఉంటాయి. రెండు కాళ్ళ మధ్య రీపరు కూర్చుంటుంది. ముందుకో వెనక్కో జరిపి, దారానికి సరిపోయిన చోట పక్కల నుంచి స్క్రూలు వేస్తారు. మిగిలిన కాలును కత్తిరించేస్తారు.

దుకాణంలో పేరు చెప్పి అడిగితే ఒక్కో చోట ఒక్కోటి చేతిలో పెడతారు. ఒకరు ఎల్ క్లాంపు ఇస్తారు, ఇంకొకరు ఫాల్స్ సీలింగ్ వాళ్ళు వాడే సాఫిట్ క్లీట్ ఇస్తారు. కాగితం మీద బొమ్మ గీసి పట్టుకెళ్ళండి. తయారుగా దొరక్కపోతే చేసుకోవడం కష్టమేమీ కాదు, మేమూ సగం చేసుకున్నవే వాడాం.

అంగుళం వెడల్పు, ఒక ఎంఎం మందం ఉన్న జీఐ పట్టీ తీసుకోండి. రీపరు రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం అనుకుందాం. అడుగుభాగానికి రెండంగుళాలు, ఒక్కో కాలికి నాలుగు అంగుళాలు, మొత్తం పది అంగుళాల ముక్క. వంచకముందే రంధ్రాలు వేయండి, వంచాక వేయడం నరకం. మధ్యలో ఆరున్నర ఎంఎం రంధ్రం ఒకటి, కాళ్ళకు అరంగుళానికొకటి చొప్పున నాలుగు ఎంఎం రంధ్రాలు. ఆ రంధ్రాలు ఒకే గీత మీద కాకుండా కాస్త అటూ ఇటూగా ఉంటే మేలు. రెండు స్క్రూలు రీపరులో ఒకే నార మీద పడితే చెక్క చీలుతుంది.

వంచడానికి రీపరు ముక్కనే అచ్చుగా పెట్టుకోండి. పట్టీని దాని కింద పెట్టి, వైస్‌లో బిగించి, సుత్తితో మెల్లగా కొట్టి వంచాలి. రీపరుకు, కాలికి మధ్య పాత పోస్టుకార్డు పట్టేంత సందు చాలు. వంచడం ఒక్కసారే. వంచి, నచ్చలేదని విప్పి, మళ్ళీ వంచితే ఆ మడత దగ్గర జింకు పూత పగిలిపోతుంది, ఇనుమూ బలం తప్పుతుంది. అలాంటి ముక్కను మొహమాటం లేకుండా అవతల పారేయండి, ముఖ్యంగా పైకప్పుకు వాడేదైతే.

ఎన్ని కావాలి? పది అడుగులు, పన్నెండు అడుగుల గది పైకప్పు లెక్క చెబుతా. జిప్సం బోర్డు వేసేటట్లైతే రీపర్ల మధ్య అడుగున్నర, అంటే 18 అంగుళాలు. ఫాల్స్ సీలింగ్ వాళ్ళు సెక్షన్లకు (బోర్డును పట్టే రేకు పట్టీలకు) పాటించే 457 ఎంఎం అంటే ఇదే. పన్నెండు అడుగుల పొడవులో ఎనిమిది సందులు, తొమ్మిది రీపర్లు. ఒక్కో రీపరు పది అడుగులు. దానికి చివర్ల నుంచి అర అడుగు వదిలి, అక్కడి నుంచి రెండు అడుగులకు మించకుండా క్లాంపులు వేస్తే ఆరు పడతాయి. తొమ్మిది ఆర్లు 54. క్లాంపుకు నాలుగు స్క్రూల చొప్పున 216. పట్టీ 45 అడుగులు. చేసేటప్పుడు నాలుగైదు పాడవుతాయి, 60 చేసి పెట్టుకోండి, అప్పుడు పట్టీ 50 అడుగులు.

రీపర్ల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తా. పచ్చి చెక్క కొనకండి. మన ఎండలకు అది నెలలోనే ముడుచుకుని స్క్రూలను వదిలేస్తుంది. కొన్నాక రెండు వారాలు అదే గదిలో, ఒకదాని మీద ఒకటి అంటుకోకుండా మధ్యలో పుల్లలు పెట్టి పేర్చండి. వంగాల్సినవి అప్పుడే వంగుతాయి. వాటిని పక్కన పడేసి మిగతా వాటికి చెదల మందు పూసి ఆరబెట్టండి. చెక్క వద్దనుకుంటే జీఐ సెక్షన్‌కైనా ఇదే పద్ధతి, అప్పుడు క్లాంపు అడుగుభాగం వెడల్పు సెక్షన్‌కు సరిపోవాలి.

ముందు గోడ ఏమంటోందో వినండి

గోడను వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. గట్టి శబ్దం వస్తే పూత గోడకు పట్టుకుని ఉంది. డొల్లగా మోగితే పూత వదిలేసింది, అక్కడ సుద్దతో గుండ్రం చుట్టండి. డొల్ల పూత మీద క్లాంపు బిగిస్తే క్లాంపుతో పాటు పూత పలక ఊడి వస్తుంది. అంతమేర గోకేయాల్సిందే. మళ్ళీ పూయక్కర్లేదు, పైన ఎలాగూ ప్యానెల్ వస్తుంది కాబట్టి.

తర్వాత చెమ్మ. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీని ముంచినప్పుడు మా మేనత్త ఇల్లూ మునిగింది. ఆ గోడల్లో నడుము ఎత్తుదాకా ఇప్పటికీ ప్రతి చలికాలం తెల్లటి ఉప్పు పొంగుతుంది. చీపురుతో ఊడ్చేస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇలాంటి గోడకు ప్యానెల్ వేస్తే చెమ్మ పోదు, కనబడకుండా దాక్కుంటుంది. ఆ నీళ్ళు పైపు లీకు వల్ల వస్తున్నాయా, వీధి కాలువ పక్కనే ఉండటం వల్లా అన్నది ముందు తేల్చి, ఆ పని చేయించాకే క్లాంపుల దగ్గరికి రండి. పునాది నుంచి ఎక్కే పాత చెమ్మ పూర్తిగా ఆగకపోయినా, గోడకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడేటట్లు కింద అరంగుళం, పైన అరంగుళం సందు వదిలితే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. అన్నిటికంటే కింది రీపరు నేలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తున ఉండాలి. చెదకు నేల నుంచి చెక్కకు దారి దొరకకూడదు.

మేం పని మొదలుపెట్టే నాటికి ముందుగదిలో పాత ప్యానెళ్ళు ఉండేవి. ఎవరో కాంట్రాక్టరు నాలుగేళ్ళ కింద వేసి వెళ్ళాడట. ఒకటి పీకి చూస్తే వెనక రీపరు లేదు, రీపరు ఆకారంలో మట్టి ఉంది. చెదలు చెక్కంతా తినేసి, పైన పెయింటు పొర మాత్రం వదిలిపెట్టాయి. ప్యానెళ్ళు ఒకదానికొకటి పట్టుకుని నిలబడ్డాయంతే.

దారం కట్టడం

ఈ పనికి సగం రోజు పెట్టండి. రంధ్రాలు గంటలో పడతాయి, దారం తప్పితే మాత్రం అన్నీ తప్పుతాయి.

గోడ పైభాగాన ఒక మేకు కొట్టి, గోడకు మూడంగుళాల దూరంలో గుండు దారం వేలాడదీయండి. ఫ్యాను ఆపేయండి. గుండు ఊగడం ఆగాక, పై నుంచి కిందికి రెండేసి అడుగులకు దారానికీ గోడకూ మధ్య ఎంత ఉందో టేపుతో కొలిచి, ఆ అంకెను అక్కడే గోడ మీద సుద్దతో రాయండి. మా గోడ ఒకచోట ఇలా వచ్చింది: పైన 3, ఆరడుగుల దగ్గర రెండున్నర, నాలుగడుగుల దగ్గర ఒకటీ ముప్పావు, రెండడుగుల దగ్గర రెండుంబావు, నేల దగ్గర రెండూ ముప్పావు. అంటే గోడ నాలుగడుగుల ఎత్తున బాన పొట్టలా ముందుకొచ్చింది. ఇలా గోడ పొడవునా మూడు నాలుగు చోట్ల చేస్తే మొత్తం గోడలో ఎక్కువ పొంగింది ఎక్కడో తెలుస్తుంది. లెక్కంతా ఆ ఒక్క చోటి నుంచే.

ఆ పొట్ట దగ్గర రీపరు మందం అంగుళం, వెనక కనీసం పావంగుళం సందు. అంటే రీపరు ముందు మొహం గోడకు అంగుళంబావు దూరంలో రావాలి. దారం అక్కడ ఒకటీ ముప్పావు దూరంలో ఉంది, కాబట్టి దారాన్ని గోడ వైపు అరంగుళం జరపొచ్చు. జరిపితే పైన రీపరు మొహం గోడకు రెండున్నర అంగుళాల దూరంలో వస్తుంది. మన క్లాంపు కాళ్ళు నాలుగు అంగుళాలు, హాయిగా అందుతాయి. గది నుంచి పోయే చోటు కూడా పొట్ట దగ్గర లెక్కేసుకున్న అంగుళంబావుకు తోడు ప్యానెల్ మందం మాత్రమే. చిన్న గదిలో అదీ బరువే కదా.

ఎక్కడైనా దూరం మూడంగుళాలు దాటితే గోడ విషయంలో జాగ్రత్త. పైకప్పుకు క్లాంపు మీద బరువు కిందికి లాగుతుంది, పొడుగు కాలైనా పట్టుకుంటుంది. గోడకైతే మనిషి ఆనుకుంటాడు, పిల్లలు బంతి విసురుతారు. సన్నటి పొడుగు కాలు అప్పుడు ముడుచుకుంటుంది. అక్కడ రెండు ఎంఎం పట్టీ వాడండి, క్లాంపుల మధ్య దూరం అడుగున్నరకు తగ్గించండి.

ప్యానెల్ నిలువుగా వస్తే రీపర్లు అడ్డంగా, ప్యానెల్ అడ్డంగా వస్తే రీపర్లు నిలువుగా పడాలి. ఈ మాట చెప్పక్కర్లేదనుకున్నాను గానీ, పక్కింట్లో రెండూ ఒకే వైపు వేసి ప్యానెల్ మధ్యలో చేత్తో నొక్కితే లోపలికి పోతుండటం కళ్ళారా చూశాను. పీవీసీ ప్యానెల్‌కు రీపర్ల మధ్య అడుగున్నర నుంచి రెండు అడుగుల లోపు ఉంచండి. రీపర్ల వరసలకు స్పిరిట్ లెవల్ పట్టి సుద్ద దారం కొట్టండి.

రాతిగోడలో రంధ్రం

మట్టితో కట్టిన రాతిగోడలో డ్రిల్లు ఎక్కడ దిగితే అక్కడ పట్టు దొరకదు. పైన అంగుళం పూత, దాని వెనక ఒకచోట రాయి, ఒకచోట రాళ్ళ మధ్య మట్టి. బయటి నుంచి తేడా తెలియదు. మా మేస్త్రీ చూపించిన కిటుకు ఏమంటే, డ్రిల్లు బిట్టు నుంచి రాలే పొడిని చూడటం. పూత దాటాక తెల్లగానో బూడిద రంగులోనో మెత్తటి పొడి వస్తూ, బిట్టు మొండికేస్తుంటే రాయి తగిలింది. ఎర్రమట్టి రంగు పొడి వచ్చి, బిట్టు వెన్నలోకి దిగినట్లు దిగిపోతే అది మట్టి సందు. ‘ఈడ పనికిరాదు సామీ, రెండంగుళాలు పక్కకు జరుపు’ అనేవాడు డ్రిల్లు ఆపకుండానే. అందుకే క్లాంపుల దూరాన్ని రెండడుగులని రాయి మీద గీతలా పట్టుకోకండి. రీపరు వరస తప్పకూడదు, ఆ వరస మీద క్లాంపు అటూ ఇటూ జరగొచ్చు. రెండడుగులు దాటకుండా చూసుకుంటే చాలు.

లోతును రాయి నుంచి కొలవాలి, పూత మీది నుంచి కాదు. పూత అంగుళం ఉంటే, రాతిలో ఒకటిన్నర అంగుళం, మొత్తం రెండున్నర. బిట్టుకు ఆ కొలత దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి. ప్లగ్గూ (రంధ్రంలో దూర్చి స్క్రూను పట్టించే ప్లాస్టిక్ గొట్టం) స్క్రూ కూడా అంత పొడుగువే కావాలి. పొట్టి ప్లగ్గు పూతలోనే ఆగిపోతే అది పట్టుకునేది సున్నాన్ని. రాతి మీద మొదట డ్రిల్లును హామర్ మోడ్ (కొడుతూ తిరగడం) లేకుండా తిప్పి కాస్త గుంత పడ్డాక హామర్ పెట్టండి, బిట్టు జారదు, రాయి అంచు పెచ్చు లేవదు. రంధ్రంలోని పొడి ఊదేయాలి. నోటితో ఊదితే కళ్ళలో పడుతుంది, సైకిల్ పంపు పెట్టి రెండుసార్లు కొడితే శుభ్రమవుతుంది. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పని చేయొద్దు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

ఎటు జరిపినా మట్టే తగిలిందనుకోండి. అప్పుడు ప్లగ్గుతో కుస్తీ పట్టకండి. ఉలితో మూడంగుళాల గూడు తవ్వి, లోపలి మట్టి దులిపి, తడిపి, ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు ఇసుక కలిపి కూరండి. క్లాంపు బదులు తోక వంచిన రెండు ఎల్ పట్టీలను ఆ గూట్లో పాతేయండి. ఏడు రోజులు తడుపుతూ, ముట్టుకోకుండా వదిలేయాలి. మా ముందుగదిలో ఇలాంటివి ఐదు వచ్చాయి. వారం ఆగడానికి నాకు టెన్షన్, మేస్త్రీకి ఏమీ లేదు.

మీది ఇటుక గోడ అయితే అదృష్టవంతులు, ఇటుక మధ్యలో రంధ్రం వేసి ప్లగ్గు పెట్టుకోండి. ఈమధ్య వాడుతున్న తేలికపాటి ఏఏసీ (గాలి బుడగలున్న సిమెంటు) బ్లాకుల గోడలో మాత్రం హామర్ వాడకండి. అది పొడిపొడి అవుతుంది. వట్టిగా తిప్పి, పొడుగు నైలాన్ ప్లగ్గులు వేయండి.

రీపరు బిగించడం

వరసకు రెండు చివర్ల క్లాంపులు ముందు బిగించండి. వాటిలో రీపరు కూర్చోబెట్టి, ముందు మొహం మీరు లెక్కేసుకున్న దూరానికి తెచ్చి ఒక్కో స్క్రూ వేయండి. పై రీపరు, కింది రీపరు ఇలా నిలబడ్డాక ఆ రెండింటి మొహాల మీదుగా నిలువు దారాలు, చివరి నుంచి చివరికి అడ్డదారాలు లాగండి. ఇక మధ్య రీపర్లన్నీ దారాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. దారాన్ని తోశాయంటే ముందుకొచ్చినట్టు, దారానికీ రీపరుకీ మధ్య వెలుతురు కనిపించిందంటే వెనక్కి పోయినట్టు. సరిపోయాక క్లాంపు రెండు కాళ్ళకూ రెండేసి స్క్రూలు.

ఇక్కడ నల్ల జిప్సం స్క్రూలు వాడొద్దు. అవి బోర్డు బిగించడానికి చేసినవి. గట్టిగా ఉంటాయి గానీ పెళుసు, పక్క నుంచి బరువు పడితే పుటుక్కున విరుగుతాయి, చెమ్మ గోడలో తుప్పు పడతాయి. జింకు పూత ఉన్న అంగుళం చెక్క స్క్రూలు తీసుకోండి. మిగిలిన కాలి చివర్లను రేకు కత్తెరతో రీపరు మొహం కంటే కాస్త లోపలికి కత్తిరించి, తెగిన అంచుకు ప్రైమరు ముట్టించండి. చేతికి తొడుగులు వేసుకునే చేయండి. నా ఎడమ బొటనవేలి మీద ఆ అంచు రాసిన సంతకం ఇంకా ఉంది.

మిద్దె పైకప్పు: బండను ముట్టుకోకండి

ఇప్పుడు నేను చెడగొట్టిన సంగతి. ముందుగది పైకప్పుకు దూలాల మధ్య బండలు కనిపిస్తుంటే, వాటికి డాష్ ఫాస్టనర్ వేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మేస్త్రీ అప్పటికి రాలేదు. నిచ్చెనెక్కి బండలో రంధ్రం వేశాను, ఫాస్టనర్ పెట్టి పానాతో బిగిస్తున్నాను. ఇంకో అరచుట్టు తిప్పేసరికి ‘టప్’ అని శబ్దం. అరచేయంత పెచ్చు ఫాస్టనర్‌తో సహా నా భుజం పక్క నుంచి నేల మీద పడింది. వెంటే పైనుంచి చారెడు చౌడుమట్టి నెత్తిన రాలింది.

నాపరాయి పొరలు పొరలుగా విడిపోయే రాయి. గనిలో అలా విడదీయడానికి వీలవుతుంది కాబట్టే అది బండగా మన నేల మీదికీ కప్పు మీదికీ వచ్చింది. డాష్ ఫాస్టనర్ బిగుస్తున్నకొద్దీ లోపల ఉబ్బి రాతిని పక్కలకు తోస్తుంది. మందం రెండంగుళాలే ఉన్న బండ, పైన టన్నుల మట్టి మోస్తున్న బండ, ఆ తోపుడుకు పొర విడిచిపెడుతుంది. కాబట్టి బండకు రంధ్రం వద్దు, మేకు వద్దు, ఏమీ వద్దు.

పట్టు దూలాలకే. ముందు వాటిని పరీక్షించండి. సుత్తి పిడితో తట్టండి, స్క్రూడ్రైవరు మొన గుచ్చి చూడండి. గోడలోకి దూరే చివర్లను మరీ ముఖ్యంగా చూడాలి, చెమ్మ తగిలేదీ చెద ఎక్కేదీ అక్కడే. మొన పావంగుళం కంటే సులువుగా దిగితే ఆ దూలానికి సీలింగ్ వేలాడదీయడం సంగతి పక్కన పెట్టి, ముందు దూలం సంగతి చూడమని తెలిసినవాళ్ళను పిలవండి.

దూలం గట్టిదైతే క్లాంపును దాని అడుగుకు కాకుండా పక్కకు బిగించండి. అడుగుకు వేసిన స్క్రూ బరువుకు కిందికి లాగబడుతుంటుంది, చెక్క ఎండేకొద్దీ వదులవుతుంది. పక్కకు వేసిన స్క్రూ మీద బరువు అడ్డంగా పడుతుంది, అది ఊడిరావాలంటే స్క్రూ తెగాలి. దీనికి యూ క్లాంపు కుదరదు, ఎల్ పట్టీ కావాలి. ఒక కాలు దూలం పక్కకు రెండు రెండంగుళాల స్క్రూలతో, ఇంకో కాలు కిందికి దిగి రీపరు పక్కకు. దూలాలు ఒకదానికొకటి సమంగా ఉండవు, ఒకటి కిందికి వాలి ఉంటుంది. ఎల్ పట్టీ ఆ తేడాను మింగేస్తుంది. పాత టేకులోకి స్క్రూ వట్టిగా దిగదు, సన్నటి రంధ్రం ముందు వేసి, స్క్రూకు కొంచెం సబ్బు రాయండి.

పైకప్పు మట్టానికి నీళ్ళ పైపు లెవల్‌ను మించింది లేదు. పైపులో బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది, నీళ్ళు పోశాక రెండు కొనలూ పక్కపక్కన పట్టుకుని మట్టం ఒకటే ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. నాలుగు మూలలా గుర్తు పెట్టి, గోడల మీద సుద్ద దారం కొడితే సీలింగ్ వరస వచ్చేసినట్టే. ఒక మాట మాత్రం. పాత ఇంట్లో గుమ్మాలూ గూళ్ళూ మట్టానికి ఉండవు. సీలింగ్ కచ్చితంగా మట్టానికి వస్తే గుమ్మం పైన సందు ఒక చివర నాలుగు వేళ్ళు, ఇంకో చివర రెండు వేళ్ళు కనబడి, తప్పు కొత్త సీలింగ్‌దే అనిపిస్తుంది. మేం నడవలో మట్టం వదిలేసి గుమ్మం వెంట అరంగుళం వాలుగా పోయాం. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

స్లాబు ఉన్న గది

ఇది తేలిక. ముందు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యాను బాక్సు నుంచి స్విచ్ బోర్డు వైపు స్లాబులో పైపు ఎటు పోయి ఉంటుందో ఊహించి ఆ పట్టీని వదిలేయండి. ఫాస్టనర్‌కు తగ్గ సైజు బిట్టుతో, బిట్టుకు టేపు చుట్టి, ఫాస్టనర్ లోతు వరకే రంధ్రం. మధ్యలో ఇనుము తగిలి బిట్టు కీచుమంటే బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరగండి. పైకప్పులో ప్లాస్టిక్ ప్లగ్గులు వద్దు. గోడలో బాగా పనిచేసే ప్లగ్గే పైన నిలువుగా లాగే బరువుకు రోజులు గడిచేకొద్దీ జారుతుంది. ఇనుప డాష్ ఫాస్టనర్లే వేయండి.

బరువు ఎంతో లెక్కేస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆరడుగులు, నాలుగడుగుల 12.5 ఎంఎం జిప్సం బోర్డు దాదాపు 20 కిలోలు. ఒక్కో క్లాంపు మోసేది అడుగున్నర, రెండడుగుల మేర, రీపరుతో కలిపి మూడు కిలోల చిల్లర. అంతే కదా అని ఒకటి వదులుగా ఉన్నా సర్దుకుంటాం. అది జారితే దాని బరువు పక్కదాని మీద, అది జారితే ఆ పక్కదాని మీద పడుతుంది. అందుకే ఒక్కో వరసలో రెండు క్లాంపులకు తాడు కట్టి, పది కిలోల బియ్యం సంచీ వేలాడదీసి పావుగంట వదలండి. కింద ఎవరూ నిలబడొద్దు. కదలకపోతే ఆ వరస మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఫ్యాను మాత్రం ఏ పరిస్థితిలోనూ రీపరుకు కట్టకూడదు. అది స్లాబు కొక్కేనికో దూలానికో నేరుగా పడాలి. ఊపు ఫ్యానుది, ఊడేది సీలింగ్. గోడ టీవీ కూడా అంతే, బ్రాకెట్ స్క్రూలు ప్యానెల్ దాటి గోడలోకి పోవాలి, లేదా ఆ చోట రీపర్ల మధ్య మందపాటి ప్లైవుడ్ ముందే బిగించాలి. సీలింగ్‌ను నాలుగు అంగుళాల కంటే ఎక్కువ కిందికి దించాలనుకుంటే ఈ క్లాంపుల పద్ధతి వదిలేసి, యాంగిల్ వేలాడదీసి ఛానెళ్ళు వేసే మామూలు ఫాల్స్ సీలింగ్ వైపు పోండి.

మూసేముందు

వైర్లు పైపుల్లోనే పోవాలి. క్లాంపు అంచు మీదుగా వట్టి వైరు లాగితే, ఆ అంచు దాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. మిద్దె గదిలో దూలాల మీద పేరుకున్న మట్టి, పాత గూళ్ళు ఊడ్చేయండి. మాకు రెండు తేళ్ళు దొరికాయి, మా మేనత్త ‘వాటికి ఇంతకాలం బాడుగ తీసుకోలేదే’ అంది.

రీపర్లన్నీ బిగిశాక, టేపును గోడకు ఆనించి పెట్టి ప్రతి గోడనూ, పైకప్పునూ ఫోన్లో ఫోటోలు తీసుకోండి. క్లాంపులు, వైర్లు, పైపులు ఎక్కడున్నాయో రేపు మేకు కొట్టేటప్పుడు అవే చెబుతాయి. మిద్దె గది పైకప్పులో ఒక ప్యానెల్‌ను గమ్ము పెట్టకుండా స్క్రూలతో మాత్రమే బిగించండి, మూల వైపుదైతే కనబడదు. మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు దాన్ని విప్పి, టార్చి వేసి బండల సందులు చూడండి. తడి కనిపిస్తే ఆ సందుకు నేరుగా పైన, మిద్దె మీద మట్టి ఎక్కడ కొట్టుకుపోయిందో వెతకాలి.